రెండో స్థాయి నేరం

కింది వాటాకు నీళ్లు కట్టేసింది సత్యనారాయణమూర్తేనని రాహేలుకు తెలుసు. పైన మోటారు నడుస్తోంది, పై వాటాలో బట్టలుతుకుతున్న చప్పుడు కిందికి వినిపిస్తోంది, కింద కుళాయి తిప్పితే మాత్రం గాలి తప్ప ఏమీ రావడం లేదు. నాచారంలో ఈ ఇంట్లో పద్నాలుగేళ్లుగా అద్దెకుంటున్నారు. ఓనరు ఇంత నేలబారు పనికి దిగడం ఇదే మొదటిసారి.

ఖాళీ బకెట్‌ను బాత్రూం గుమ్మంలో విసురుగా పెట్టింది.

"పైకి పోయి అడుగుత."

"ఏం అడుగుతవ్," అన్నాడు ఆశీర్వాదం, మంచం మీంచి లేవకుండా. "నిన్న ఆయన కొడుకును ఔటిచ్చిన. ఇయ్యాల మనకు నీళ్లు బందు జేసిండు. దానికిది సరి అనుకుంటుండు."

"ఔటిచ్చుడు కాదు. నాటౌటును ఔటిచ్చినవ్."

మొగుడు గోడ వైపు ఒత్తిగిల్లాడు. నిన్న సాయంత్రం నుంచీ ఇదే వరస. ఆమె అనడం, ఆయన నోరు కుట్టేసుకుని కూర్చోవడం. తిడితే తిరిగి తిట్టే మనిషితో పోట్లాడొచ్చు, ఇలాంటి మనిషితో ఏం పోట్లాడతాం?

నిన్న మధ్యాహ్నం ఉప్పల్ స్టేడియంలో లీగ్ సెమీఫైనల్. ఓనరు గారి కొడుకు అనిరుధ్ నలభై ఆరు పరుగుల మీదున్నాడు. బంతి ప్యాడ్‌కు తగిలింది, బౌలరు అరిచాడు, అంపైర్ ఆశీర్వాదం వేలెత్తాడు. అరనిమిషం తిరగకుండా పెద్ద తెర మీద పదివేల మంది చూశారు, బంతి ముందు బ్యాట్ అంచును రాసుకుని ఆ తరవాతే ప్యాడ్‌ను తాకడం. ముందు బ్యాట్‌కు తగిలితే ఎల్బీడబ్ల్యూ ఇవ్వకూడదు. ఈ లీగ్‌లో రివ్యూ అడిగే ఏర్పాటు లేదు. వేలు లేచిందంటే లేచినట్టే.

అనిరుధ్ కదల్లేదు. బ్యాట్ చూపించాడు. హెల్మెట్ తీసి నేలకేసి కొట్టాడు. పిచ్ పొడుగునా నడిచి వచ్చి ఆశీర్వాదం ముఖంలో ముఖం పెట్టి అరిచాడు. అతని జట్టు ఎలాగో చివరి బంతికి గెలిచింది గానీ ఆ గెలుపు ఎవరికీ గుర్తులేదు. చీకటి పడేసరికి ఆ అరుపుల వీడియో అందరి ఫోన్లలోకీ ఎక్కింది. చిల్కానగర్ స్కూల్లో రాహేలుతో పాటు పనిచేసే టీచరమ్మ కూడా 'మీ సారుకు కళ్లద్దాలు కొనిపెట్టు' అని నవ్వు బొమ్మలు జోడించి పంపింది. రాహేలు పొద్దున్నే సెలవు పెట్టేసింది.

ఇవాళ పన్నెండు లోపల అంపైర్లిద్దరూ కలిసి ఆటగాడి మీద మ్యాచ్ రిఫరీకి రిపోర్టు పంపాలి. మొదటి స్థాయి నేరమని రాస్తే మ్యాచ్ ఫీజులో కోత, అంతటితో సరి. రెండో స్థాయి అని రాస్తే ఒక మ్యాచ్ నిషేధం. ఆ ఒక్క మ్యాచ్ ఆదివారం ఫైనల్. పెద్ద లీగ్ జట్లకు ఆటగాళ్లను ఏరేవాళ్లు దాన్ని చూడ్డానికి వస్తున్నారు. అనిరుధ్‌కు ఇరవై ఆరేళ్లు నిండాయి. వచ్చే ఏడు అతని కోసం ఎవరూ రారు.

"మొదటిదే రాద్దాం," అంది రాహేలు, స్కూలు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్ తెరుస్తూ. ఆశీర్వాదానికి నలభై రెండు క్రికెట్ నియమాలూ నోటికొచ్చు. ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు టైపు చేయాలంటే మాత్రం ఒళ్లంతా చెమట. ఆయన చెప్పడం, ఆమె టైపు చేసి పంపడం ఆ ఇంట్లో అలవాటు. "పోరడు కోపంల అరిసిండు. తప్పు నీది. వాన్ని ఫైనల్ ఆడనియ్యి."

"జర ఆగు. ముఖం కడుక్కుంట."

పక్కింటి కౌసల్యమ్మనడిగి అరబకెట్ నీళ్లు తెచ్చిపెట్టింది. తువ్వాలు మర్చిపోయాడని లోపలికెళ్లేసరికి ఆయన చొక్కా విప్పి ఒళ్లు తుడుచుకుంటున్నాడు. ఆమెను చూడగానే చొక్కా మీదికి లాక్కున్నాడు. ముప్పై ఏళ్లు కాపురం చేసిన పెళ్లాం ముందు ఆ సిగ్గేమిటో ఆమెకు అర్థం కాలేదు. చొక్కా పక్కకు లాగింది.

ఛాతీ మధ్య ఎముక మీద గుండ్రంగా, నల్లగా కమిలిపోయి ఉంది.

"గిదేంది?"

"బస్సుల రాడ్డు తగిలింది."

"నువ్వు బస్సెప్పుడు ఎక్కినవ్? బండి మీద పోయి బండి మీద వచ్చినవ్."

ఆశీర్వాదం మగ్గును బకెట్లో వేసి లేచాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. ఒకటి చెబితే రెండోది వెతుక్కోవాలి, ఆ ఓపిక లేదు.

"బ్యాట్ పిడితోని పొడిసిండు," అన్నాడు.



"అనిరుధా?"

"బౌలరు అడ్డమున్నడు. కెమెరాకు పడలే. స్క్వేర్ లెగ్ కాడ రెండో అంపైరు మన విక్రమ్ ఉండె, ఆయన సూసిండు."

"రాత్రంతా పక్కల పండుకున్నవ్. నాకు చెప్పలే."

"చెప్తే నువ్వు పైకి పోయి లొల్లి జేస్తవని."

"చేస్త. ఎందుకు చెయ్య?" ఆమె తువ్వాలును ఆయన మీదికి విసిరింది. "పొద్దటి నుంచి వాని తరఫున నీతోని కొట్లాడుతున్న. పన్నెండేండ్ల పోరడప్పటి నుంచి నా చేతి అన్నం తిన్నోడు నిన్ను పొడుస్తడా? రాయి. రెండోదే రాయి. నేను టైపు జేస్త."

అప్పుడే విక్రమ్ ఫోను చేశాడు. బోడుప్పల్‌లో ఉంటాడు, ఆశీర్వాదం కన్నా పదిహేనేళ్లు చిన్న అంపైర్. రాహేలు స్పీకర్ నొక్కింది.

"అన్నా, మొదటి స్థాయి రాద్దం. నేను సంతకం పెడుత. పోరగానికి ఫైనల్ దొరుకుతది, నీ డెసిషన్ గురించి ఎవ్వరు తవ్వరు. రిఫరీ సారు గుడ అదే అనుకుంటుండు."

"పొడిసింది నువ్వు సూసినవ్ గద విక్రమ్."

"సూసిన. సూడలే అంటున్న. నీ కోసమే అన్నా. రెండోది రాస్తే విచారణ పెడ్తరు. ఔటెందుకిచ్చినవ్, ఏమనుకుని ఇచ్చినవ్ అని కూసోబెట్టి అడుగుతరు. అవసరమా మనకు?"

"నేను రాసి పంపుత. సంతకం పెడ్తవో లేదో నీ ఇష్టం," అని ఆశీర్వాదం ఫోను పెట్టేశాడు.

రాహేలు ఆయన్నే చూస్తోంది. "అడిగితే ఏమైతది? అంపైరన్నంక తప్పు జెయ్యడా? సప్పుడు ఇనబడలేదని చెప్పు."

"ఇనబడ్డది."

"మరి?"

"వాని ప్యాడు పట్టీ సప్పుడు అనుకున్న."

ఆమెకు ఒక్క క్షణం పట్టింది అర్థం కావడానికి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఈ ఇంటి మేడ మీద అనిరుధ్‌కు బంతులు విసిరేవాడు ఆశీర్వాదం. ఆ పిల్లాడు ప్యాడు కింది పట్టీని ఎప్పుడూ వదులుగా కట్టేవాడు, బిగిస్తే పరిగెత్తలేనని. ముందుకాలు పడ్డప్పుడల్లా అది టిక్కుమనేది. మేడ మీద బట్టలారేస్తూ ఆమే వేలసార్లు విన్నది.

"వేరే అంపైరైతే ఆ సప్పుడు ఇని బ్యాటే అనుకుంటుండె," అన్నాడు. "నాటౌట్ ఇస్తుండె. నాకు వాడు తెలుసు గనుక ఔటిచ్చిన."

"గిదెవ్వరికి చెప్పకు."

"చెప్పాలె. సీజను ముందట ఒక ఫారం ఇస్తరు. ఏ ఆటగాడన్న సుట్టమా, నీ దగ్గర నేర్సుకున్నోడా అని. నేను ఖాళీగ పెట్టిన. ఓనరు కొడుకు సుట్టమెట్లయితడు అనుకున్న. తప్పు గాడనే అయింది."

"చెప్తే అంపైర్ల ప్యానెల్ నుంచి తీసేస్తరు."

"తీసేస్తరు."

"ఎండలల్ల చెట్టు కింద డబ్బా విప్పుకుని తిన్నవ్. మల్లాపూర్ ఫ్యాక్టరీల నైట్ షిఫ్టు దిగి అట్లనే గ్రౌండుకు ఉరికినవ్. ఇరవై రెండేండ్లు. ఒక్క కాయితంతోని పారేస్తవా?"

"వాడు పొడిసిండని రాసి, నేను జేసింది దాసిపెడితే అది రిపోర్టు గాదు రాహేలూ. పగ తీర్సుకున్నట్టు. రెండు రాయి, రెండు పంపు. లేకుంటే ఒక్కటి గూడ వద్దు."

ఆమె టైపు చేసింది. మీటలు విరుగుతాయేమో అన్నట్టు కొట్టింది. మొదటి కాగితం అనిరుధ్ మీద, రెండో స్థాయి నేరం, బ్యాట్ పిడితో అంపైర్ ఛాతీ మీద పొడవడం. రెండో కాగితం ఆశీర్వాదం తన మీద తాను రాసుకున్నది. అది టైపు చేస్తున్నంత సేపూ ఆమె పళ్లు నూరుతూనే ఉంది. రెండూ ఒకే మెయిల్‌కు తగిలించేసరికి పదకొండుంబావు దాటింది.

తలుపు కొట్టిన చప్పుడు. తీయకముందే నెట్టుకుని వచ్చాడు సత్యనారాయణమూర్తి. తణుకు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి ఈ ఇల్లు కట్టుకున్న మనిషి. ఏనాడూ 'ఆశీర్వాదం గారూ' అని తప్ప పిలిచి ఎరగడు. ఆయన వెనక అనిరుధ్, ట్రాక్ ప్యాంటులో, నిద్రలేని కళ్లతో.

"ఆశీర్వాదం, ఏం రాస్తున్నావ్?"

గారు ఎగిరిపోయింది. రాహేలు అది గమనించింది, మొగుడు కూడా గమనించాడు.

"రాసుడు అయిపోయింది సార్. కూసోండ్రి."

"కూర్చోడానికి రాలేదు. తప్పు చేసింది నువ్వు. ఊరూవాడా చూసింది. అలాంటిది నా కొడుకు మీద ఎదురు కేసు పెడతావా?"

"ఆయన ఛాతీ మీద మచ్చ చూసిన్రా మీరు?" అంది రాహేలు. "చొక్కా ఇప్పి చూపియ్యమంటరా?"

సత్యనారాయణమూర్తి కొడుకు వైపు తిరిగాడు. అంటే ఆయనకు తెలియదన్నమాట. అనిరుధ్ తలెత్తలేదు. తండ్రి ఒక్క నిమిషం తడబడ్డాడు, వెంటనే సర్దుకున్నాడు.

"ఆవేశంలో చెయ్యి తగిలుంటుంది. దానికింత రాద్ధాంతమా? వాడి జీవితం ఆదివారం మీద ఆధారపడి ఉందని నీకు తెలీదూ?"

"తెలుసు సార్. మీకెంత తెలుసో నాకంత తెలుసు."

"అంకుల్, ఒక్కటి చెప్పండి." అనిరుధ్ గొంతు బొంగురుపోయి ఉంది. నిన్నటి అరుపుల వల్ల కాబోలు. "చప్పుడు మీకు వినపడలేదా?"

"ఇనబడ్డది బేటా."

"వినపడి కూడా ఇచ్చారా?"

"నీ పట్టీ అనుకున్న."

అనిరుధ్ నవ్వాడు. ఆ నవ్వు వినడానికి బాగాలేదు.

"పట్టీకి టేపు చుట్టాను అంకుల్. ఈ సీజనంతా చుడుతూనే ఉన్నాను. మీరే కదా చెప్పింది? జూన్‌లో, మేడ మీద. ఏదో ఒకరోజు ఎవడో అంపైరు ఆ చప్పుడు విని బ్యాట్ అనుకుని క్యాచ్ ఔట్ ఇచ్చేస్తాడు, బిగించి కట్టుకోరా అన్నారు. మీరు చెప్పారని కట్టుకున్నాను. ఆ చప్పుడు పేరుతో నన్ను ఔటిచ్చే అంపైరు మీరే అవుతారని నాకేం తెలుసు?"

ఆశీర్వాదం కుర్చీ వెనక చెయ్యి వేసి పట్టుకున్నాడు, ఆ తరవాత మెల్లగా కూర్చున్నాడు. జూన్‌లో తానన్న మాట ఆయనకు ఇప్పుడే గుర్తొచ్చింది. పైన మోటారు ఆగింది.

రాహేలుకు పొద్దుటి కోపం సగం దిగిపోయింది. పాపం, చెప్పిన మాట విన్నందుకు దెబ్బతిన్నాడు పిల్లాడు. పోనీ మొదటి స్థాయికే మారుద్దామని నాలుక చివరి దాకా వచ్చింది.

"గది గుడ నా తప్పే," అన్నాడు ఆశీర్వాదం చివరికి. "మరిచిన. నా తప్పంత వేరే కాయితం మీద రాసిన. నిన్ను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదునని గుడ రాసిన. కానీ అనిరుధ్, నువ్వు పొడిసింది గుడ జరిగింది. అది తీసెయ్య."

"అంటే ఫైనల్ పోయినట్టేనా?"

"తిట్టినవ్, నేను పట్టించుకోలే. చెయ్యి లేపినవ్. ఇయ్యాల నేను ఊకుంటే రేపు ఇంకో పోరడు ఇంకో అంపైరు తలకాయ పగలగొడ్తడు."

"నీతులు చెప్పకు," అన్నాడు సత్యనారాయణమూర్తి. ముఖం కందగడ్డలా అయిపోయింది. "మీ వాళ్లకి ఇల్లివ్వొద్దని ఆవేళ గల్లీలో అందరూ మొత్తుకున్నారు. నేనే జాలిపడి ఇచ్చాను. మేడ ఎక్కనిచ్చాను. మా వంటింటి గుమ్మం దాకా రానిచ్చాను. చేతికి కాస్త అధికారం రాగానే మీ బుద్ధి బయటపెట్టుకున్నారు."

ఆశీర్వాదం తల వంచుకున్నాడు. ఆయన ఇలాంటివి చిన్నప్పుడు జనగామ పక్క సొంతూళ్లో వినీ వినీ ఉన్నాడు. ఎలా మింగాలో తెలుసు. రాహేలుకు తెలియదు, తెలుసుకోదలచుకోలేదు.

ఆమె సత్యనారాయణమూర్తిని చూడలేదు. అనిరుధ్‌ను చూసింది. పదిహేనో ఏట డెంగీ వచ్చి దవాఖానాలో పడి ఉంటే తల్లి శ్యామలాదేవితో పాటు ఆరు రోజులు మేలుకున్నది ఈమె. క్రిస్మస్ నాడు బిర్యానీకి అందరికన్నా ముందు కంచం పట్టుకుని కూర్చున్నది వాడు. ఒక్క మాట చాలు. నాన్నా, ఇంక ఆపు అంటే చాలు. ఆమె ఎదురుచూసింది.

అనిరుధ్ చెప్పుల్లోంచి బయటికొచ్చిన తన బొటనవేలిని చూసుకుంటూ నిలబడ్డాడు.

"ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యండి," అని సత్యనారాయణమూర్తి బయటికి నడిచాడు. కొడుకు ఆయన వెనకే వెళ్లాడు.

గడియారం పదకొండు నలభై ఎనిమిది చూపిస్తోంది.

"పంపు," అన్నాడు ఆశీర్వాదం. కిటికీ దగ్గరికెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కిందికి జారిపోయి ఉన్నాయి. "రెండు పంపు రాహేలూ."

ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తెర మీద రెండు కాగితాలూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి ఓనరు కొడుకును ఆదివారం ఇంట్లో కూర్చోబెడుతుంది. రెండోది తన మొగుణ్ని ఎప్పటికీ ఇంట్లో కూర్చోబెడుతుంది. ఇల్లు పోతోంది, పరువు పోయింది, మాటా పడాల్సి వచ్చింది. ఇంకా ఇవ్వడానికి ఈయన దగ్గర మిగిలింది ఆ అంపైరు తెల్ల కోటొక్కటే. అది కూడా వాళ్ల చేతుల్లో పెట్టాలా? ఎందుకు పెట్టాలి?

రెండో కాగితం పక్కనున్న కొట్టివేత గుర్తును నొక్కింది. అది మెయిల్‌లోంచి తొలగిపోయింది. మిగిలినదాన్ని పంపింది.

"రెండు పోయినయా?"

"పోయినయి."

ఆయన తలూపి కళ్లు తుడుచుకున్నాడు. ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది.

అప్పుడు వాకిట్లో అడుగుల చప్పుడయింది. అనిరుధ్ ఒక్కడే వచ్చాడు. గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఆంటీ, నాన్న అన్నదానికి నేను అక్కడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. సిగ్గుగా ఉంది." ఆశీర్వాదం వైపు తిరిగాడు. "అంకుల్, పొడిచానని రిఫరీకి నేనే ఫోన్ చేసి చెప్తాను. ఫైనల్ పోతే పోనీండి. మీరు మీ మీద రాసుకున్న కాగితం మాత్రం పంపకండి. మిమ్మల్ని తీసేస్తే నేను ఏ ముఖం పెట్టుకుని ఆడను?"

ఆశీర్వాదం గుమ్మం దాకా వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేశాడు. నిన్నటి నుంచీ మొదటిసారి ఆయన ముఖం తేటపడింది.

"పంపినం బేటా. నీదొక్కటే పంపితే నేను మనిషినేనా? నీది, నాది, రెండు ఒక్కసారే పోయినయి. ఇగ నీ ముందట తల దించుకునే పని లేదు నాకు. కావాలంటే మీ ఆంటీనడుగు."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. పన్నెండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలుంది.